గోదావరి ఒడ్డు మీద వైకింగ్ బిళ్ళలు

తపాలా బిళ్ళను చంపింది మీరే. ప్రభుత్వాన్ని అనకండి, సెల్‌ఫోన్‌ను అనకండి. మీరు చివరిసారి ఒక కవరు మీద బిళ్ళ అంటించింది ఎప్పుడు? పోస్టాఫీసు కౌంటర్లో బార్‌కోడ్ కాగితం అంటించి ఇస్తుంటే, "వద్దండీ, బిళ్ళలు ఇవ్వండి, నేనే అంటించుకుంటా" అని ఒక్కసారైనా అన్నారా? అనలేదు. పైగా యాభై దాటిన ఆడమనిషి ఒకతె వైకింగుల బిళ్ళలు పోగేస్తోందని తెలిస్తే నవ్వుతారు. ఎక్కడి నార్వే, ఎక్కడి ఖమ్మం అంటారు. నవ్వుకోండి. నవ్వు అయ్యాక ఇది చదవండి. ఎందుకంటే భద్రాచలం వెళ్ళే మీలో చాలామంది గుడి చూసి, పర్ణశాల చూసి, వంతెన మీద ఫోటో దిగి, ఆ ప్రాంతమంతా చూసేశామని చెప్పుకుంటారు. మీరు కారద్దాలు ఎక్కించుకుని పోయే ఆ దారి పక్కనే, గోదావరి ఒడ్డున ఒక రేకుల ఇంట్లో, వైకింగుల ఉరుముల దేవుడు థోర్ తన సుత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఖమ్మం తీసుకురావడానికే నేను నిన్న శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను.

ముందు మీ వాదన తేల్చేద్దాం. నాకు దేవుడి మీద నమ్మకం లేదని మా కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ తెలుసు. మరి నాస్తికురాలికి దేవుళ్ళ బిళ్ళలు ఎందుకని అడుగుతారు. చెబుతా వినండి. ఉత్తర ఐరోపా వాళ్ళ ఆ పాత పురాణాల్లో దేవుళ్ళకు చావు ఉంది. చివరి యుద్ధంలో ఓడిపోతామని వాళ్ళకు ముందే తెలుసు, అయినా వెళ్తారు. వాళ్ళ పెద్ద దేవుడు ఓడిన్ జ్ఞానం కావాలంటే ఒక కన్ను పీకి ఇచ్చాడు. జ్ఞానం కోసం ఒంట్లో ఒక ముక్క వదులుకున్న పాలకుణ్ణి మీరు ఈమధ్య ఎక్కడైనా చూశారా? లేదు కదా. అందుకే పోగేస్తున్నాను. ఫారో దీవులు, ఐస్‌లాండ్, డెన్మార్క్, స్వీడన్ ఈ కథల మీద వేసిన బిళ్ళలు చేతిలోకి తీసుకుంటే, వేలి గోరంత కాగితం మీద ఓడిన్ ఎక్కే ఎనిమిది కాళ్ళ గుర్రం పరుగెత్తుతుంటుంది. నాకు అది చాలు.

ఇదే పిచ్చి ఉన్న ఇంకో మనిషి ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నాకు ఒక్కడే దొరికాడు. ఐలయ్య అన్న. బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు, సర్వీసులో చివరి సగం స్టోర్సులో గడిచింది. అప్పట్లో గనికి స్వీడన్ నుంచి యంత్రాల విడిభాగాలు వచ్చేవి. ఆ పార్సిళ్ళ మీద పడవ బొమ్మల బిళ్ళలు ఉండేవి. మిగతావాళ్ళు ఆ అట్టల్ని టీ పొయ్యి కింద పెడితే, ఈయన బిళ్ళ ఉన్న మూల కత్తిరించి, క్యాంటీన్ గిన్నెలో నానబెట్టి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టుకునేవాడు. తర్వాత యూనియన్ ఆఫీసులో ఎవరితోనో ఇంగ్లీషు ఉత్తరాలు రాయించి విదేశాల వాళ్ళతో మార్పిడి మొదలుపెట్టాడు. రిటైరయ్యాక భార్య రాజమ్మ పుట్టిన ఊరికి వచ్చి స్థిరపడ్డారు. దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున ఉంటుందా ఊరు. పేరు రాయను, మీరు కార్లేసుకుని వెళ్ళి వాళ్ళని విసిగిస్తారు.

ఇన్నేళ్ళలో ఐలయ్య అన్న తన బిళ్ళల్ని నలుగురి ముందు పెట్టలేదు. "మనయి ఎవరు జూస్తరు టీచరమ్మా" అనేవాడు. నేను పోరి పోరి ఈసారి ఖమ్మంలో జరిగే బిళ్ళల ప్రదర్శన పోటీకి దరఖాస్తు పెట్టించాను. ఒక ఫ్రేము ఇచ్చారు. ఒక ఫ్రేము అంటే పదహారు షీట్లు. ఆయన పెట్టిన పేరు 'కొమ్ములు ఎవరివి?' అసలు వైకింగులు కొమ్ముల టోపీలు పెట్టుకున్నారనడానికి ఆధారం లేదు, అది తర్వాతివాళ్ళు అల్లిన కథ. అయినా బిళ్ళలు అమ్ముకుని బతికే దేశాలు కొమ్ములు తగిలిస్తూనే ఉంటాయి. ఐలయ్య అన్న ఆ తప్పుడు కొమ్ముల బిళ్ళలన్నీ ఒక షీటు మీద పెట్టి, వాటి పక్కన తమ పక్కింటి కోయ కుటుంబం కొమ్ము నృత్యం చేస్తున్న ఫోటో పెట్టాడు. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, డోలు మీద చేయి వేసి నిలబడిన మనుషులు. నిజంగా కొమ్ములున్నది ఎవరికో చూసుకోండి అని దాని అర్థం. ఇంత చక్కటి వాదన నేను ఏ పట్నం సేకర్త దగ్గరా చూడలేదు, వాళ్ళకు ధరలు తప్ప వాదనలు ఉండవు.

షీట్లు శనివారం మధ్యాహ్నం లోపు ఖమ్మంలో ఇచ్చేయాలి. ఆదివారం ప్రదర్శనకు రాజమ్మ వదిన కూడా వచ్చి, బోర్డు మీద మొగుడి పేరు చూడాలని అనుకున్నారు. పోస్టులో పంపొచ్చు కదా అని అన్నాను. "వద్దు. నువ్వే రా టీచరమ్మా. ఒకసారి చూసి నువ్వే చెప్పాలె" అన్నాడు ఫోన్లో. ఏం చెప్పాలో చెప్పలేదు.

ఖమ్మం కొత్త బస్టాండ్‌లో ఆరున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కడినుంచి పాల్వంచ, సారపాక, వంతెన. మూడు గంటలు వేసుకోండి, కొత్తగూడెంలో టిఫిన్‌కు ఆపితే ఇంకాస్త. మగవాళ్ళకు టికెట్ రెండు వందలకు అటూ ఇటూ. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఈ జీరో టికెట్ మీద తల్లాడ దగ్గర ఒక పెద్దమనిషితో నాకు తగాదా పడింది. సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు పాపం.

"ఫ్రీ పెట్టినంక ఆడోళ్ళకు ఇంట్ల కాలు నిలుస్తలేదు. ఊకెనే తిరుగుడు" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు నా వైపు చూస్తూ.

"ఊరికే తిరగడం మీ సొంతమా? ఇన్నాళ్ళు మీరు తిరిగారు, మేం లెక్క అడిగామా?" అన్నాను.

"ఇప్పుడు ఏడికి వోతున్నరు మరి? గుడికా?"

"బిళ్ళలు తేవడానికి."

"ఏం గోలీలు? ఖమ్మంల దొరకయా?"

కండక్టరమ్మ మా మధ్యనుంచి దూరి పోతూ, "కాకా, ఆ మేడంతోటి పెట్టుకోకు. నిన్నగాక మొన్న గూడ ఇదే బస్సుల ఒగాయనతోటి పాల్వంచ దాకా కొట్లాడింది. ఆయన ముందు స్టేజీలనే దిగిపోయిండు" అంది. అది అబద్ధం, మొన్న నేను బస్సే ఎక్కలేదు. కానీ ఆ పెద్దమనిషి నమ్మాడు, ఏన్కూరు దాకా మాట్లాడలేదు. ఏన్కూరులో నా పక్క సీటు ఖాళీ అయితే నేనే పిలిచి కూర్చోబెట్టాను. కొత్తగూడెంలో దిగేటప్పుడు సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టాడు. మనుషులు వాదన కన్నా మంచివాళ్ళు, ఈ సంగతి నేను తరచూ మర్చిపోతుంటాను.

కిటికీ పక్కన కూర్చోండి. తల్లాడ దాటాక పత్తి, మిరప చేలు పలచబడి జామాయిల్ తోటలు మొదలవుతాయి. జూలూరుపాడు తర్వాత నిజమైన అడవి అక్కడక్కడా రోడ్డు దాకా వచ్చి చూసి వెళ్తుంది. వంతెన మీదికి వచ్చేసరికి తొమ్మిది ముప్పావు. వానలు వెనకపట్టాయి కానీ గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది.

భద్రాచలం బస్టాండు బయట దుమ్ముగూడెం వైపు షేర్ ఆటోలు ఉంటాయి. మనిషికి అరవై అడిగారు. నిండితేగాని కదలవు. ఆటో డ్రైవరు నన్ను ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పర్ణశాలకా మేడం?"

"కాదు. దుమ్ముగూడెం దాటి. స్టాంపుల పని."

"రెవెన్యూ స్టాంపులా? గవి కోర్టుకాడ దొరుకుతయ్ గదా, గింతదూరం ఎందుకు?"

ఫోన్లో థోర్ బిళ్ళ చూపించాను. ఒక చేత్తో నడుపుతూ, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి చూశాడు. "ఈయన ఎరుకే. సినిమాల సుత్తె తిప్పుతడు. ఈయన దేవుడా? వాళ్ళకు గుళ్ళున్నయా?" అన్నాడు. ఒకప్పుడు ఉండేవట, ఇప్పుడు దాదాపు లేవన్నాను. కాసేపు ఆలోచించి, "పాపం" అన్నాడు. ఒక దేవుడి మీద అంత నిజాయితీగా జాలిపడిన భక్తుణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

ఊరి మొగదల దిగి నడిచాను. ఇళ్ళ గోడల మీద నడుమెత్తున బురద గీత కనిపిస్తుంది. పోయినేడు గోదావరి వచ్చి నిలబడిన చోటు అది. కొందరు సున్నం కొట్టారు, గీత సున్నంలోంచి కూడా కనిపిస్తూనే ఉంది. ఐలయ్య అన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. రాజమ్మ వదిన లోపలినుంచే అరిచింది.

"వచ్చినవా ఆడబిడ్డా? తొవ్వల ఎంతమందితోటి కొట్లాడినవ్?"

"ఒక్కడే వదినా."

"గంతేనా? వయసైపోతున్నది నీకు."

నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, షీట్లు తనే తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. "జూడు. మీ అన్న ఇన్నేండ్లల్ల చెయ్యని పని నేను ఒక్కనాడు జేసిన."

పదహారు షీట్లూ లామినేషన్ చేసి ఉన్నాయి.

బిళ్ళల సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను, ఆగండి. బిళ్ళను మేం వేళ్ళతో కూడా తాకం, పట్టకారుతో ఎత్తుతాం. షీటు మీద అంటించేటప్పుడు కూడా, తీస్తే మళ్ళీ ఊడి వచ్చేలా చిన్న జిగురు కాగితం ముక్క వెనక పెడతాం. లామినేషన్ యంత్రం ఏం చేస్తుంది? రెండు ప్లాస్టిక్ పొరల మధ్య కాగితాన్ని పెట్టి వేడితో కరిగించి అతికిస్తుంది. ఇక ఆ బిళ్ళ ప్లాస్టిక్‌లోంచి బయటికి రాదు. వెనక జిగురు పోయింది, అంచుల పళ్ళు నొక్కుకుపోయాయి. సేకర్తల భాషలో ఆ బిళ్ళ చచ్చింది. ఓడిన్ మొహం మీద గాలిబుడగ వచ్చింది. ఎనిమిది కాళ్ళ గుర్రానికి రెండు కాళ్ళ మధ్య ముడత పడింది. ఒక పాత అమెరికా బిళ్ళ ఉంది, వైకింగ్ పడవకు అమెరికా జెండా కట్టిన సిగ్గులేని బిళ్ళ, అది మాత్రం నిగనిగలాడుతోంది.

ఐలయ్య అన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. దూలం వైపు చూస్తున్నాడు.

"ఎట్లున్నయ్?" అంది వదిన.

"మెరుస్తున్నాయి" అన్నాను. అది నిజమే.

"మరి? జూసేటోళ్ళు చేతులు పెట్టినా ఖరాబ్ గావు." తృప్తిగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఐలయ్య అన్న నన్ను గోదావరి చూపిస్తానని ఒడ్డుకు తీసుకెళ్ళాడు. నాకు గోదావరి తెలియదా? వెళ్ళాను. గట్టు మీద నిలబడి అసలు విషయం చెప్పాడు. దరఖాస్తు ఒప్పుకున్నారని తెలిసిన వారంలోనే, ఆయన దవాఖానాకు పోయిన రోజు చూసి, ఆమె షీట్లు పెట్టుకునే డబ్బా పట్టుకుని భద్రాచలం వెళ్ళి చేయించుకొచ్చింది. ఆశ్చర్యపరుద్దామని.

"తీసుకుంటరా టీచరమ్మా?"

"తీసుకోరన్నా. నీకు తెలుసు."

"ఎరుకే. నువ్వు జెప్తే నమ్మకమైతదని రమ్మన్న." చెప్పుతో మట్టి గీకాడు. "ఒక పని జెయ్యి. తీస్కపో. ప్రదర్శన క్యాన్సిలైందని ఫోన్ కొట్టు. ఆమెకు జెప్పకు."

"నేను అబద్ధం చెప్పను."

"జీవితంల ఒక్కటి జెప్పరాదూ."

"నీ బిళ్ళలు పోయినందుకు నువ్వు ఏడవాలి గానీ, నన్ను అబద్ధమాడమంటావేంది?"

"బిళ్ళలు పోతే పోయినయ్. ముప్పై ఏండ్లు నేను ఇంటికి బొగ్గుదుమ్ము మోసుకొచ్చిన, చీర కొనే పైసలు స్వీడన్ ఉత్తరాలకు పెట్టిన, ఒక్కనాడు ఎందుకని అడగలే. ఇప్పుడు ఆమె మొదటిసారి వాటిని ముట్టింది. నువ్వు వోయి, రాజమ్మా నువ్వు ముడితే నాశనమైనయని జెప్తవా?"

వాదనలో నన్ను ఓడించడం అంత తేలిక కాదు. కానీ ఈసారి ఓడాను. అలాగని అబద్ధానికీ ఒప్పుకోలేదు. తిరిగి వచ్చాం.

రాజమ్మ వదిన జెల్లల పులుసు గురించి ఇక్కడ ఒక పేరా రాయాలి, కానీ సరిగ్గా తినలేదు. గోదావరి జెల్ల, చింతపండు, పైన కొత్తిమీర. పక్కన పచ్చిపులుసు. ముగ్గురం కింద కూర్చుని తింటున్నాం. నేను మాట్లాడకుండా తింటున్నాను.

"ఏంది ఆడబిడ్డా" అంది వదిన. "పోయినసారి వచ్చినప్పుడు పులుసుల ఉప్పెక్కువైందా తక్కువైందా అని మీ అన్నతోటి గంటసేపు కొట్లాడినవ్. ఇయ్యాల నోరు లేస్తలేదు."

"పులుసు బాగుంది వదినా."

"పులుసు సంగతి నేను అడగలే." ముద్ద ఆపింది. "నువ్వు నోరు మూసుకున్నవంటే ఏదో అయింది. జెప్పు."

ఐలయ్య అన్న కంచంలోకి చూస్తున్నాడు. నేను చెప్పాను. ప్లాస్టిక్ చేసిన బిళ్ళలు పోటీకి తీసుకోరని, అది ఎక్కడైనా ఉన్న నియమమని చెప్పాను.

"ఎందుకు? ఖరాబ్ అయినయా?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు. "అవ్. అయినయ్."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నీకు ఎప్పటిసంది ఎరుక?"

"నువ్వు తెచ్చిన్నాడే."

"మరి మంచిగున్నయంటివి?"

"మంచిగనే ఉన్నయ్ గదా. మెరుస్తున్నయ్."

ఏడుస్తుందనుకున్నాను. రాజమ్మ వదిన ఏడవలేదు. ఎడమచేత్తో కొంగు నడుముకు దోపుకుంది, అది కొట్లాటకు ముందు చేసే పని.

"ఇనుండ్రి ఇద్దరు. పోయినేడు గోదారికి మూడో హెచ్చరిక పడ్డదని ట్రాక్టరెక్కుమన్నరు. ఈయన బీపీ గోలీలు మర్చిండు, చార్జర్ మర్చిండు, చెప్పులు గూడ మర్చిండు. నేను ఈ బిళ్ళల డబ్బ మర్వలే. బడిల పండవెట్టినన్ని దినాలు దీన్నే తలకింద పెట్టుకున్న. ఈ ఒంటికన్నాయన, ఈ సుత్తె దేవుడు, ఈ గుర్రం, ఎవరైతే నాకేంది? ఈయన పాణం వీటిలున్నది గదా అని. ఇంటికొచ్చి జూస్తే పెట్టెల పట్టా బుక్కు ముద్దైంది, మా అమ్మ ఫోటో ముద్దైంది. గప్పటిసంది మా ఊర్లె అందరం అన్నీ లామినేషన్ చేపిస్తున్నం. ఆధార్ గాని, పెండ్లి ఫోటో గాని, పిల్లల మెమో గాని. నీళ్ళల్ల పడ్డా తేల్తయ్. వీటిని గూడ చేపిచ్చిన. తప్పా?"

"తప్పు కాదు వదినా. రూలు..."

"గా రూల్ పెట్టినోళ్ళ ఇంట్లకు ఎన్నడన్న గోదారి వచ్చిందా?"

ఒక్క పూటలో ఇద్దరి చేతుల్లో ఓడిపోయాను. చేయి కడుక్కుని వాకిట్లోకి వచ్చి, ప్రదర్శన నడిపే కమిటీలో ఒకాయనకు ఫోన్ చేశాను. మర్యాదస్తుడే.

"మేడం, ప్లాస్టిక్‌లో కాల్చిన బిళ్ళ బిళ్ళ కాదు. మీకు తెలియంది కాదు."

"తెలుసండీ. ప్లాస్టిక్ కింద నకిలీవీ, అతుకులేసినవీ దాచేస్తారని ఆ నియమం పెట్టారు. పోటీకి అది సరైనదే. పతకం ఇవ్వొద్దు. గోడ మీద పెట్టడానికి ఏం అడ్డం?"

"ఒకటి ఒప్పుకుంటే రేపు అందరూ లామినేషన్ చేసుకొస్తారు."

"అందరి ఇళ్ళలోకీ నది వస్తే అందరూ తెస్తారు, తేనీయండి."

"తీసుకురండి మేడం. జ్యూరీ చూస్తుంది. నేను మాటివ్వలేను."

లోపలికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన చేతులు తుడుచుకుని, "పెట్టరని జెప్పరాదూ సీదా" అంది. "నేను రాను ఖమ్మం. నేను చేసిన ఖరాబ్ నలుగురు జూడాల్నా?"

ఐలయ్య అన్న లేచాడు. అలమరలోంచి మిగిలిన తెల్ల షీటు ఒకటి తీశాడు. స్కేలు పెట్టి సన్నగా అంచు గీశాడు. తర్వాత జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, వెనక రబ్బరు కవరు ఊడదీశాడు. కవరుకూ ఫోనుకూ మధ్య, పల్చటి కాగితం మడతలో ఒక బిళ్ళ ఉంది. స్టోర్సులో మొట్టమొదటి పార్సిల్ మీద నుంచి కత్తిరించిన స్వీడన్ పడవ. బజార్లో దాని ధర ఏమీ లేదు. కానీ ఉన్నవన్నీ ఆ షీట్లకే ఎక్కడంతో, ఆయన దగ్గర ప్లాస్టిక్ తగలకుండా మిగిలిన బిళ్ళ అదొక్కటే. దాన్ని షీటు మధ్యలో అంటించి, కింద తన గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాస్తూ రాస్తూ బయటికి చదివాడు.

"ఈ బిళ్ళలను గోదావరి వరద నుంచి కాపాడినది, ప్లాస్టిక్ వేయించినది నా భార్య రాజమ్మ. అందువల్లనే ఇవి ఇక్కడి దాకా వచ్చినవి."

షీటు నాకు ఇచ్చాడు. "పోతపోత భద్రాచలంల దీన్ని గూడ లామినేషన్ చేపియ్యి."

"ఇది గూడ ఖరాబ్ అయితది గదయ్యా" అంది వదిన.

"కానియ్. అన్నిటి తీరుగ ఉండాలె గదా."

"మతి ఉన్నదా నీకు? అదొక్కటన్న ఉండనియ్యి."

"నువ్వు ముట్టినయన్ని ఒకదిక్కు, ఇదొక్కటి ఒకదిక్కు ఎందుకు?"

ఆమె షీటు నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా ఆ రాతను చూసింది. తన పేరు ఎక్కడుందో అడిగింది. ఆయన చూపించాడు. ఫ్రేములో పదహారే పడతాయి కాబట్టి ఒకటి తీసేయాలి. ఏది తీయాలో ఆమే తేల్చింది. "గా జెండ పడవ తీసెయ్. దాని మొగం చూస్తేనే నచ్చుతలేదు నాకు." అమెరికా ఇంట్లో మిగిలింది.

"మరి వస్తావా వదినా ఆదివారం?"

"గోడకు పెడ్తే వస్త. పెట్టకుంటే నాకేం పని ఆడ?"

మూడింటికి ఊరి మొగదల ఆటో దొరికింది. నాలుగు దాటాక భద్రాచలంలో దిగి, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులోకి వెళ్ళాను. షాపులో ఒక అమ్మాయి ఉంది. "ఏ ఫోరా మేడం? ముప్పై అయితయ్" అంది. షీటు ఇచ్చాను. నా సంచిలో పట్టకారు ఉంది, బిళ్ళలకు చెమట తగలకుండా వేసుకునే చేతి తొడుగులు ఉన్నాయి. ఆ అమ్మాయి షీటును ప్లాస్టిక్ సంచిలో దూర్చి యంత్రం నోట్లో పెట్టింది. ఆపమని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అవతలి వైపు నుంచి పడవ మెల్లగా, వేడిగా, మెరుస్తూ బయటికి వచ్చింది. "చల్లారినంక పట్టుకోండ్రి, కాల్తది" అందా అమ్మాయి. నేను ఆగలేదు. కాలింది.

తిరుగు బస్సులో షీట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరి షీటులో ఆ పురాణం ముగింపు ఉంటుంది. దేవుళ్ళంతా పోయాక భూమి నీళ్ళలో మునిగిపోతుందని, తర్వాత పచ్చగా మళ్ళీ తేలుతుందని. దాని కింద ఐలయ్య అన్న రాసిన వాక్యం: 'వాళ్ళకు ఇది ఒక్కసారి. మాకు యేటేటా.' ఇన్నేళ్ళుగా నేను బిళ్ళ అంటే చెక్కుచెదరని కాగితం అనుకున్నాను. ముట్టుకోకుండా, చీకట్లో, పొడి గదిలో దాచినదే విలువైనదని నాకు నేర్పారు, నేను పదిమందికి నేర్పాను. పొడి గదులు ఎవరికి ఉంటాయో ఎప్పుడూ అడగలేదు. పెనుబల్లి దగ్గర నేను పెరిగిన, మా నాన్న కట్టిన ఇంటి మెట్లు నా నడుమెత్తు ఉంటాయి, మా ఇంట్లోకి నీళ్ళు రావడం నాకు తెలియదు. ఒక బిళ్ళ ఎంత బాగుందన్నది దాని అంచుల పళ్ళు లెక్కపెట్టి చెప్పొచ్చు. దాన్ని ఎవరు తలకింద పెట్టుకుని పడుకున్నారో చెప్పడానికి మన దగ్గర కొలత లేదు. అది లేనంతకాలం మన హాబీ ధనవంతుల అలమరలకే పరిమితం. ఇందులో మీరు నాతో వాదించొచ్చు. రండి, నేను సిద్ధం.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. దుమ్ముగూడెం వైపు నుంచి తిరిగి వచ్చే షేర్ ఆటోలు సాయంత్రం నాలుగు తర్వాత సరిగ్గా దొరకవు, మూడింటికే రోడ్డు మీదికి వచ్చేయండి. లేకపోతే మొత్తం ఆటో కిరాయికి మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ఇది రాస్తున్నది శనివారం పొద్దున. ఇంకాసేపట్లో షీట్లు ఇచ్చి రావడానికి వెళ్తున్నాను. జ్యూరీకి, కమిటీకి, ప్రదర్శనకు వచ్చే మీకు నా డిమాండ్లు ఇవి.

ఐలయ్య షీట్లు పదహారూ ఆదివారం గోడ మీద ఉండాలి. పోటీ బయట పెట్టండి, పతకం అడగడం లేదు.

ఆ ఫ్రేము మీద 'పాడైనవి' అనే చీటీ గానీ, అలాంటి అర్థం వచ్చే ఇంకో చీటీ గానీ అంటించకూడదు.

బోర్డు మీద ఐలయ్య, రాజమ్మ, రెండు పేర్లూ ఉండాలి. ఒకే సైజు అక్షరాల్లో.

వచ్చే ఏడు నుంచి, ముంపు గ్రామాల సేకర్తలకు వానలు మొదలవకముందే నీళ్ళు చొరని డబ్బాలు కమిటీ ఖర్చుతో ఇవ్వాలి. అప్పటిదాకా లామినేషన్ గురించి వాళ్ళకు ఉపన్యాసం చెప్పకూడదు.

చూడటానికి వచ్చేవాళ్ళు ఆ ఫ్రేము ముందు నిలబడి గాలిబుడగల గురించి గుసగుసలాడకూడదు. అనుమానం ఉంటే ఆమెనే అడగండి, చెబుతుంది.

పెట్టడానికి వీల్లేదని జ్యూరీ తేలిస్తే, కారణం నాకు కాగితం మీద ఇవ్వొద్దు. రాజమ్మ ఎదురుగా నిలబడి తెలుగులో చెప్పాలి.

పెట్టేటట్టయితే ఈ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేసి చెప్పాలి. ఆదివారం మొదటి బస్సుకు రావాలంటే ఆమె ముందే తయారవ్వాలి. ఆ ఫోను నేను చేయను, కమిటీ చేయాలి.